రెండు తూకాలు: మూసబొమ్మలూ మన కోపాలూ

2017 నవంబరులో అమెరికాలో 'ద ప్రాబ్లమ్ విత్ అపు' అనే డాక్యుమెంటరీ టెలివిజన్‌లో ప్రసారమైంది. తీసినవాడు హరి కొండబోలు. న్యూయార్క్‌లో పుట్టి పెరిగిన హాస్యకారుడు. తల్లిదండ్రులు ఆంధ్ర నుంచి వలస వెళ్ళిన తెలుగువాళ్ళు. 'ద సింప్సన్స్' అనే కార్టూన్ సీరియల్లో 1990 నుంచి కనిపిస్తున్న అపు అనే భారతీయ కొట్టువాడి పాత్రే ఆ డాక్యుమెంటరీకి విషయం. అపుకి గొంతు ఇచ్చింది హాంక్ అజారియా అనే తెల్ల నటుడు. అమెరికా టెలివిజన్లో భారతీయులే కనబడని రోజుల్లో, ఒక తెల్లవాడు యాస పెట్టి పలికిన ఆ గొంతే తమ అందరి గొంతూ అయిపోయిందని, బడిలో పిల్లలు దానితోనే తమని ఏడిపించారని కొండబోలు నిలదీశాడు.

దానికి వచ్చిన స్పందనలు తెలిసినవే. 2018 ఏప్రిల్లో ఆ సీరియల్లోనే ఒక పాత్ర చేత, ఒకప్పుడు అందరూ మెచ్చుకున్నది ఇప్పుడు తప్పయిపోయిందే అన్న ధోరణిలో మాట్లాడించారు. నొచ్చుకున్నట్టు నటించడం జనానికి ఇష్టమైపోయిందని సీరియల్ సృష్టికర్త మాట్ గ్రోనింగ్ అన్నాడు. అపు మంచివాడు కదా, కష్టజీవి కదా అన్నవాళ్ళూ ఉన్నారు. చివరికి 2020 జనవరిలో అజారియా ఆ గొంతు ఇక ఇవ్వనన్నాడు. 2021లో భారతీయులకి క్షమాపణ చెప్పాడు.

మనవాడు అంత పెద్ద సంస్థని నిలదీశాడంటే సంతోషంగానే ఉంటుంది. కానీ ఆ వాదం విన్న ప్రతిసారీ నాకు ఇంకో ప్రశ్న ఎదురవుతుంది. మన మీద వేసిన మూసబొమ్మ జాత్యహంకారమైనప్పుడు, మనం పక్కవాళ్ళ మీద వేసేది హాస్యం ఎలా అవుతుంది? ఈ ప్రశ్న కొత్తది కాదు. దాని వెనకాల ఇంకొకటి ఉంది. మూసబొమ్మ పరువు మీద దెబ్బ కొడితే వచ్చే కోపం, కూలి మీద దెబ్బ కొడితే ఎందుకు రాదు? దీనికి జవాబు వెతకాలంటే కొంచెం చరిత్రలోకి వెళ్ళాలి. మా నరసాపురం నుంచే మొదలుపెడతాను.

వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేచోటికి దగ్గర్లో ఉన్న నరసాపురం ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. పక్కనున్న మాధవాయపాలెంలో 17వ శతాబ్దంలో ఇంగ్లీషు కంపెనీ ఫ్యాక్టరీ ఉండేది. ఆ ఊరి పేరే 'మదపోలం'గా మారి యూరప్ భాషల్లో ఒక రకం నూలుబట్టకి పేరయింది. మన తీరంలోని ఊళ్ళ పేర్లు ఇలా బట్టలకే కాదు, మనుషులకీ అంటుకున్నాయి. డెల్టాకి ఆ చివర, కాకినాడ దగ్గరున్న కోరంగి రేవు పేరు మీదుగా బర్మాలో తెలుగు కూలీలందరినీ 'కొరంగీ'లన్నారు. కోరంగి మొహం చూడనివాడు కూడా, విశాఖపట్నం జిల్లా నుంచి వెళ్ళినవాడు కూడా అక్కడ కొరంగీయే. మలయాలో 'క్లింగ్' అన్న మాటా అలాంటిదే. కళింగ నుంచి పుట్టి, రానురాను దక్షిణాది కూలీలందరికీ తిట్టుగా మారింది.

19వ శతాబ్దం చివరినుంచి కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల్లో వేలమంది 'రంగం' ఓడలెక్కారు. మేస్త్రీ ముందుగా చేతిలో పెట్టిన డబ్బు అప్పై కూర్చునేది. ఆ అప్పు తీరేదాకా మేస్త్రీ చెప్పిన చోటే పని. వరికోతలు, ధాన్యం మిల్లులు, రేవులో బస్తాల మోత, రిక్షాలు, పాకీపని. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులే. కొరంగీ అంటే ఆ ఊళ్ళో ఒక బొమ్మ స్థిరపడిపోయింది. నల్లగా, మాసిన గుడ్డతో, ఎంత తక్కువిచ్చినా పనిచేసేవాడు. బర్మావాడికి ఆ బొమ్మ తన నోటికాడ కూడు లాక్కునేవాడు. తెల్ల కంపెనీకి చవక చెయ్యి. బొమ్మ ఒకటే, అది ఇద్దరికీ రెండు రకాలుగా పనికొచ్చింది.

1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు బర్మా కూలీలని పెట్టుకున్నాయి. సమ్మె ముగియగానే వాళ్ళని పొమ్మన్నాయి. మే 26న మొదలైన దాడుల్లో వందమందికి పైగా చనిపోయారు. వాళ్ళలో అత్యధికులు తెలుగువాళ్ళు. చరిత్ర పుస్తకాల్లో దీన్ని జాతుల అల్లర్లుగానే చదువుతాం. కానీ దాని మొదట్లో ఉన్నది కూలి పెంచమన్న కోరిక. రెండు జాతుల పేదవాళ్ళని ఒకరి బదులు ఒకరుగా వాడుకున్న యజమాని మీద ఏ బొమ్మా గీయబడలేదు. బొమ్మలు ఎప్పుడూ కూలివాడి మీదే.

1938 జూలైలో రంగూన్‌లో మళ్ళీ అల్లర్లు జరిగాయి. వాటిపై వేసిన బ్రాండ్ కమిటీ తన నివేదికల్లో బర్మా పత్రికల పాత్రని తీవ్రంగా తప్పుపట్టింది. అప్పటి పత్రికలు బాగా వాడుకున్న విషయం బర్మా స్త్రీలకీ భారతీయులకీ జరుగుతున్న పెళ్ళిళ్ళు. వాటిలో భారతీయుడు మన ఆడపిల్లల్ని వలలో వేసుకునే పరాయివాడు. ఆ పెళ్ళి చేసుకున్న బర్మా స్త్రీ అమాయకురాలు, లేదా జాతిద్రోహి. మరుసటి ఏడాది బౌద్ధ స్త్రీల వివాహ వారసత్వ చట్టం వచ్చింది. ఆ స్త్రీలకి ఆస్తి హక్కు విషయంలో నిజంగానే అన్యాయం జరుగుతోంది, చట్టం అవసరమే. కానీ పత్రికల్లో రగిలిన కోపానికి ఆధారం ఆమె హక్కు కాదు, జాతి పరువు. తెలుగు పల్లెల్లో మొగుడు పంపే డబ్బు కోసం ఎదురుచూస్తూ మిగిలిపోయిన భార్య అయితే ఈ కథలో ఎక్కడా లేదు. ఆమె మీద బొమ్మ గీయాల్సిన అవసరం కూడా ఎవరికీ రాలేదు.

అపు వివాదంలోనూ ఇలాంటి ఖాళీ ఒకటుంది. అపుకి మంజుల అనే భార్య ఉంది. 1997లో పెద్దలు కుదిర్చిన పెళ్ళితో కథలోకి వచ్చింది. 1999లో ఒకే కాన్పులో ఎనిమిదిమందిని కన్నది. ఆమెకి గొంతు ఇచ్చిందీ తెల్ల నటీమణులే. అపు యాస గురించి సాగినంత చర్చ, పెళ్ళీ కాన్పూ తప్ప ఇంకో గుర్తింపు లేని మంజుల గురించి సాగలేదు. అవమానపడ్డ జాతికి ప్రతినిధిగా మగవాడే నిలబడ్డాడు.

నొచ్చుకోవడంలో ఇంకొక చిక్కు ఉంది. బాధితులం అని చెప్పుకునేటప్పుడు మనం ఎవరితో పోల్చుకుంటాం, ఎవరితో కలపొద్దంటాం? ఒప్పంద కూలీలతో మద్రాసు నుంచి బయలుదేరిన మొదటి ఓడ నేటాల్ చేరింది 1860 నవంబరులో. అప్పటినుంచి వెళ్ళిన వేలమందిలో తెలుగువాళ్ళు ఎందరో. అక్కడ భారతీయుడంటే కూలీయే. బారిస్టరు గాంధీ కూడా 'కూలీ బారిస్టరే'. ఆ మాటలోని అవమానాన్ని ఆయన గట్టిగా ఎదిరించాడు. కానీ 1890లలో ఆయన రాసిన విన్నపాల్లో, చేసిన ప్రసంగాల్లో ఉన్న అభ్యంతరం ఏమిటి? తమని ఆఫ్రికన్ల స్థాయికి దించుతున్నారని. డర్బన్ పోస్టాఫీసులో యూరోపియన్లకి ఒక ద్వారం, ఆసియావాళ్ళకీ ఆఫ్రికన్లకీ కలిపి ఒక ద్వారం ఉండేవి. నేటాల్ ఇండియన్ కాంగ్రెస్ అడిగి సాధించింది మూడో ద్వారం. ద్వారాలు రెండెందుకన్న ప్రశ్న అప్పుడు రాలేదు. గాంధీ తర్వాత చాలా మారాడు. అయినా 2018 డిసెంబరులో ఘనా విశ్వవిద్యాలయం నుంచి ఆయన విగ్రహాన్ని తొలగించినప్పుడు, అక్కడి అధ్యాపకులూ విద్యార్థులూ ఎత్తి చూపింది ఈ పాత మాటలనే. అవమానానికి ఎదురు తిరగడం ఒకటి, అవమానం పక్కవాడికి పోయేలా చూసుకోవడం ఇంకొకటి. బయటినుంచి చూస్తే రెండూ ఒకే కోపంలా కనిపిస్తాయి.

ఇక మన ఇంటికి వద్దాం. పాలకొల్లు, మొగల్తూరు, నరసాపురం. పాతిక కిలోమీటర్ల లోపున్న ఈ ముక్క తెలుగు సినిమాకి ఇచ్చినంతమందిని ఇంకే పల్లెపట్టూ ఇచ్చి ఉండదు. అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు, కృష్ణంరాజు, చిరంజీవి అందరూ ఇక్కడివాళ్ళే. హిందీ సినిమాలు దక్షిణాది వాళ్ళందర్నీ ఒకే 'మద్రాసీ'గా కలిపేసి, విచిత్రమైన యాసతో నవ్వించినప్పుడు మనకి ఒళ్ళు మండింది. న్యాయమే. అదే సమయంలో మన సినిమా మనకి కొన్ని బొమ్మల్ని అలవాటు చేసింది. అరవ యాస పంతులు, వచ్చీరాని తెలుగు గూర్ఖా, మాయమాటల కోయదొర, సోది చెప్పే ఎరుకలసాని, పాట కోసమే తెరమీదికొచ్చే లంబాడీ పిల్ల. వీటిని చూసి హాలంతా నవ్వింది. వాళ్ళలో ఎవరైనా నొచ్చుకున్నారా అని ఎవరూ అడగలేదు. అడగడానికి వాళ్ళు పత్రికల్లో లేరు.

వీటన్నిటిలోకీ భారమైన బొమ్మ ఎరుకలవాళ్ళ మీద పడింది. దాని చరిత్ర మీనా రాధాకృష్ణ 2001లో ప్రచురించిన పుస్తకం 'డిసానర్డ్ బై హిస్టరీ'లో వివరంగా ఉంది. ఎరుకలవాళ్ళు కోస్తా ఉప్పుని ఎద్దుల మీద లోపలి ప్రాంతాలకి చేరవేసి, అక్కడినుంచి ధాన్యం తెచ్చే సంచార వర్తకులు. రైళ్ళొచ్చాయి, ప్రభుత్వం ఉప్పు మీద గుత్తాధిపత్యం బిగించింది. వాళ్ళ వర్తకం కూలిపోయింది. బతుకుతెరువు పోయిన సంచారుల మీద 'పుట్టుకతో నేరస్థులు' అన్న ముద్ర పడింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. తర్వాత రెండు మూడేళ్ళకే బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్మెంటు వెలిసింది. నడిపింది సాల్వేషన్ ఆర్మీ. హాజరు వేయించుకోవాలి, అనుమతి చీటీ లేకుండా ఊరు దాటకూడదు. దొంగలుగా ముద్రపడి కదలడానికి వీల్లేని ఆ మనుషులు చీరాల ఐ.ఎల్.టి.డి. పొగాకు ఫ్యాక్టరీకి నమ్మకమైన కూలీలయ్యారు. మూసబొమ్మ అవమానిస్తుందని మనం అంటాం. ఇక్కడ అది ఫ్యాక్టరీకి మనుషుల్ని సమకూర్చింది. పని మానేసి పోలేనివాడి కూలి ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

1952లో చట్టం రద్దయింది. ముద్ర పోలేదు, సినిమాకెక్కింది. 1991 ఒక్క ఏడాదిలోనే ఆ ఊరి పేరుతో 'స్టువర్టుపురం దొంగలు', 'స్టువర్టుపురం పోలీస్ స్టేషన్' అని రెండు సినిమాలొచ్చాయి. ఊరి పేరు దొంగతనానికి పర్యాయపదమైపోయింది. 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' టీజర్ వచ్చినప్పుడు, అది ఎరుకల సమాజాన్నీ స్టువర్టుపురాన్నీ కించపరుస్తోందని ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. కోర్టు టీజర్‌ని తప్పుపట్టింది, నిర్మాతకి నోటీసులిచ్చింది. సినిమా అక్టోబరు 20న విడుదలైంది.

దీని పక్కన ఇంకో రెండు సంఘటనలు పెట్టి చూడాలి. 2017లో 'దువ్వాడ జగన్నాథమ్' సినిమాలో ఒక పాటలోని కొన్ని పదాలు తమని నొప్పించాయని బ్రాహ్మణ సంఘాలు అభ్యంతరం చెప్పాయి. పదాలు మార్చారు. 2019 సెప్టెంబరులో 'వాల్మీకి' అన్న పేరుకి బోయ సంఘాలు అభ్యంతరం చెబితే, విడుదలకి ముందురోజు రాత్రి అది 'గద్దలకొండ గణేష్' అయింది. ఈ నిరసనలు తప్పని నేననను. బోయలు కూడా శతాబ్దాలుగా చిన్నచూపుకి గురైనవాళ్ళే. నేను చెప్పేది వేరు. ఒక పాటలో పదాలు మారాయి, ఒక పేరు రాత్రికి రాత్రి మారింది, ఒక ఊరు మాత్రం వందేళ్ళుగా దొంగల ఊరుగానే ఉంది. నొచ్చుకునే హక్కు అందరికీ ఉండొచ్చు. నొచ్చుకుంటే వినిపించుకునే చెవులు మాత్రం సంఘం, సంఖ్య, డబ్బు, పలుకుబడి ఉన్నవాళ్ళకే దొరుకుతున్నాయి. ఈ మూడు సందర్భాల్లోనూ మన సాహిత్య లోకం మాట్లాడిందెంత? భావప్రకటనా స్వేచ్ఛ గురించి మొదటి రెంటిలో వాదించుకున్నవాళ్ళకి మూడోదాంట్లో ఆ వాదన కూడా అవసరమనిపించలేదు.

ఈ తూకాల తేడా స్త్రీల ఒంటిరంగు దగ్గరికొచ్చేసరికి ఇంకా స్పష్టమవుతుంది. 2013 సెప్టెంబరులో మిస్ అమెరికా కిరీటం గెలుచుకున్న నీనా దావులూరి తెలుగమ్మాయి. కుటుంబం మూలాలు విజయవాడలో ఉన్నాయి. ఆ రాత్రే ట్విటర్‌లో ఆమెని అరబ్బు అన్నారు, టెర్రరిస్టు అన్నారు, ఇరవైనాలుగు గంటల కొట్టు పేరుపెట్టి వెక్కిరించారు. అపు బొమ్మ ఒక ఆడపిల్ల మీదికి ఎంత సులువుగా వచ్చి పడిందో చూడండి. ఇక్కడ మనందరికీ కోపమొచ్చింది, పత్రికలన్నీ ఖండించాయి. అయితే అదే వారంలో మన దేశంలో ఇంకో మాట వినబడింది. అంత చామనఛాయ ఉన్న అమ్మాయి ఇక్కడైతే అందాల పోటీలో గెలిచేదా అని. కొందరు ఈ మాటని విమర్శగా అన్నారు. నిజమేనని ఒప్పుకున్నవాళ్ళే ఎక్కువ. మన పెళ్ళి ప్రకటనల్లో 'తెల్లగా ఉండాలి' అన్న షరతు అప్పుడూ ఉంది. 1975 నుంచి అమ్ముడవుతున్న 'ఫెయిర్ అండ్ లవ్లీ' తన పేరులో 'ఫెయిర్' తీసేయడానికి 2020 జూన్ దాకా, అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య జరిగేదాకా ఆగాల్సి వచ్చింది. అంతకుముందు ఎన్నేళ్ళుగానో మన స్త్రీలు ఈ విషయం రాస్తూనే ఉన్నారు. మన రాతలకి కదలని కంపెనీ అక్కడి గొడవకి కదిలింది. పేరు మారింది, క్రీము మాత్రం దుకాణాల్లోనే ఉంది.

ఇక్కడ కూడా లెక్క ఉంది. నల్లపిల్ల అన్న బొమ్మకి ధర కట్నంలో కనబడుతుంది. తల్లి మనసులో గుచ్చుకునేది మాట ఒక్కటే కాదు, ఆ మాటతో పాటు పెరిగే అంకె.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ తిట్లు. కొరంగీ, కూలీ, దొంగ, నల్లపిల్ల. తిట్టుకి కనీసం ఎప్పుడో ఒకప్పుడు ఎదురుతిట్టు వస్తుంది. పొగడ్తలా వచ్చే మూసబొమ్మకి కోపమే రాదు. దానికి ఉదాహరణ కోసం దూరం పోనక్కర్లేదు. నరసాపురంలో ఉంది.

లేసు అల్లిక ఈ ప్రాంతానికి 19వ శతాబ్దంలో మిషనరీ కుటుంబాల స్త్రీలతో వచ్చింది. మొదట నేర్చుకున్నది కొత్తగా క్రైస్తవం తీసుకున్న మాల, మాదిగ స్త్రీలు. తర్వాత చుట్టుపక్కల ఊళ్ళలో కాపు స్త్రీలు వేలాదిగా అల్లారు. నూలు ఇచ్చేది, సరుకు తీసుకునేది, విదేశాలకి పంపేది మగ వర్తకులు. మరియా మీస్ 1970ల చివర్లో ఇక్కడ ఉండి పరిశోధన చేసి, 1982లో 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' రాసింది. రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లినా రూపాయి కూడా గిట్టని స్త్రీలు అందులో కనిపిస్తారు. అదే ఊళ్ళో పొలం పనికి పోయే స్త్రీ కూలి దానికన్నా ఎక్కువ. మరి ఎందుకు అల్లారు? పొలానికి పోకపోవడం గౌరవం కనుక. ఇంట్లో కూర్చుని అల్లుకునే ఇల్లాలు అన్నది ఆ స్త్రీలకి ఇష్టమైన బొమ్మ. వర్తకుడు అన్నదీ అదే. తీరికవేళల్లో సరదాగా చేసుకునే పని, ఏదో చేతిఖర్చు. ఇల్లాలు అన్న మాట వేరొకచోట గౌరవం కావచ్చు, లేసు వ్యాపారంలో అది కూలిరేటు.

ఈ బొమ్మ మీద ఎవరూ ఊరేగింపు తీయలేదు. సంఘాలు అభ్యంతరం చెప్పలేదు. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు అందరం గర్వపడ్డాం. గర్వపడాల్సిందే. కానీ పత్రికల్లో మళ్ళీ కనిపించింది అరుగు మీద కూర్చుని చిరునవ్వుతో అల్లుతున్న ఇల్లాలే. ఆ అల్లికకి గంటకి ఎంత గిట్టుతుందన్న లెక్క ఆ బొమ్మలో ఇమడదు.

అపు మంచివాడు, కష్టజీవి కదా అన్న సమర్థనకి జవాబు నాకు ఈ లేసులో దొరుకుతుంది. ఎన్ని గంటలైనా గల్లాపెట్టె దగ్గర నిలబడే కష్టజీవి బొమ్మ వల్ల లాభపడేది ఆ కష్టజీవి కాదు. ఎంత తక్కువిచ్చినా పనిచేసే కొరంగీ బొమ్మ వల్ల కొరంగీ లాభపడలేదు. తీరికవేళ ఇల్లాలు బొమ్మ వల్ల ఇల్లాలు లాభపడలేదు.

అందుకే ఒక సినిమాలోనో, సీరియల్లోనో, ప్రకటనలోనో ఒక బొమ్మ కనబడినప్పుడు ఎవరు నొచ్చుకున్నారన్న ప్రశ్న దగ్గరే ఆగిపోవడం చాలదనుకుంటాను. గట్టిగా నొచ్చుకోగలవాళ్ళ లెక్కే అందులో తేలుతుంది. ఈ బొమ్మ వల్ల ఎవరి పని చవకవుతోంది, ఎవరికి ఇల్లు అద్దెకి దొరకదు, ఎవరి పిల్లకి కట్నం పెరుగుతుంది, ఎవర్ని పోలీసులు ముందు పట్టుకుంటారు అని కూడా అడగాలి. అలా అడిగితే కొండబోలు కోపమూ స్టువర్టుపురం కోపమూ ఒకే తూకంలోకి వస్తాయి. రచయిత్రులుగా మనం రాసే కథల్లో ఎరుకల స్త్రీ, లంబాడీ స్త్రీ, నేపాలీ వాచ్‌మన్ భార్య ఎలా వస్తున్నారో, అసలు వస్తున్నారో లేదో కూడా అదే తూకంలో పెట్టి చూసుకోవాలి.